లైసెన్స్ లేని చేతులు

మా పక్కింటి అంకుల్ పోయారు. శనివారం పొద్దున ఆంటీ ఫెన్స్ దగ్గరికి వచ్చి, "నిద్రలోనే పోయారమ్మా" అన్నారు. ఆ వెంటే, "తాబేలుకి ఇంకా తిండి పెట్టలేదు" అన్నారు. ఏడవాల్సిన నాకు ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు, కాబట్టి ఈ నాలుగు మాటల్లో మర్యాద కాస్త తక్కువైతే మన్నించండి.

మేమంతా ఈ దేశానికి వలసొచ్చి ఉంటున్న క్వేకర్స్ హిల్‌లో వాళ్ల పెరట్లో ఒక పెద్ద తొట్టి, అందులో పొడుగు మెడ తాబేళ్ల జత. ఈ దేశపు జాతి. పెంచాలంటే లైసెన్స్ ఉండాలి, పుట్టిందీ పోయిందీ అన్నీ ఒక పుస్తకంలో రాయాలి. ఆడది గుడ్లు పెట్టిన రోజును అంకుల్ వంటింటి తెలుగు క్యాలెండర్‌లో, ఏకాదశి పక్కన రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో పుస్తకంలోకి ఎక్కించేవారు. మగది చచ్చిపోయిన రోజూ కళ్లు తుడుచుకుంటూ అలాగే రాశారు. "ఇది వాటి ఊరమ్మా. అద్దెకొచ్చింది మనం" అనేవారు.

మా గృహప్రవేశానికి ఒక తాబేలు పిల్లని ఇమ్మని ఆయన్ని అడిగాను. గుమ్మం దగ్గర ఇత్తడి గంగాళంలో పూల మధ్య వదిలితే ఇంటికి మంచిదని మా అత్తగారి పట్టు. "లైసెన్స్ తెచ్చుకో, నేనే ఎత్తుకొచ్చి ఇస్తా. బొమ్మ కాదుగా" అన్నారు, నలుగురి ముందూ. ఆరు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆదివారం ఆదివారం ఫెన్స్ మీద కరివేపాకు పెట్టి, "ఫారం నింపావా?" అని అడిగేవారు. "రేపు నాకేమైనా అయితే దాన్ని చూడ్డానికి పక్కన ఒకరుండాలి కదమ్మా." నింపుతాననేదాన్ని. నింపలేదు.

పన్నెండో రోజు దాటాక లైసెన్సులిచ్చే ఆఫీసు నుంచి ఒకావిడ డబ్బా పట్టుకుని వచ్చింది. పిలిచింది ఆంటీయే, ఆయనుంటే ఫోన్ చెయ్యమనేవారని. లైసెన్స్ ఆయనతోనే పోయిందట. కొత్తదానికి అప్లై చేసుకోవచ్చట, అది వచ్చేదాకా తాబేలు ఇక్కడ ఉండకూడదట.

"ఆయన చేత్తో పెంచింది. ఇదొక్కటి ఉండనివ్వమని చెప్పమ్మా" అని ఆంటీ నా చేయి పట్టుకున్నారు. చెప్పాను, గట్టిగానే. వానకి ఇదే జాతి తాబేళ్లు రోడ్డెక్కి కార్ల కింద నలుగుతాయి, నలపడానికి మాత్రం ఏ లైసెన్సూ అక్కర్లేదు కదా అన్నాను. ఆవిడ అంతా విని, "పోనీ, పక్కింట్లో ఎవరికైనా లైసెన్స్ ఉందా?" అని అడిగింది.

రూల్ మీద కోపం, ఆ రూలంటే ప్రాణం పెట్టిన ఆయన మీద కోపం, అన్నీ కలిసి నా మీదికే వచ్చాయి.

భయపడితే తాబేలు కంపు వదులుతుందని అంకుల్ చెప్పేవారు. ఇన్నేళ్లలో తన చేతిలో ఒక్కసారీ వదల్లేదని ఆయనకి గర్వం. ఆవిడ డబ్బాలో పెట్టడానికి తొట్టిలోంచి దాన్ని నేనే తీశాను. మెడ పక్కకి మడిచి పెంకు కిందికి లాక్కుంది. కంపు వదిలింది.

మూడుసార్లు సబ్బు పెట్టినా పోలేదు. ఆ చేతులతోనే కూర్చుని ఫారం నింపాను. ఫెన్స్ అవతల ఆంటీ ఖాళీ తొట్టిలో నీళ్లు మారుస్తున్నారు.