తిరగబడిన కొండ

నిన్న ధర్మవరంలో చీర కొనుక్కుని హిందూపురం వచ్చి పెట్టె విప్పితే, చీర మీద అంగడివాళ్లు పెట్టిన అచ్చు కార్డు ఒకటి. దాని మీద పెనుకొండ కొండ. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది, ఎందుకంటే ఆ కొండ తిరగబడి ఉంది. ఎడమ పక్కన ఉండాల్సిన బురుజు కుడి పక్కకు పోయింది. లోకంలో ఆ కొండను అట్లా వేసే మనిషి ఒక్కతే, పెనుకొండలో ఉండే మా చిన్నమ్మ.

చెరిపే రబ్బర్లను బ్లేడుతో చెక్కి ముద్రలు చేయడం ఆమె సరదా. ముద్రలో బొమ్మను తిప్పి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుందన్న సంగతి మొదటిసారి మరిచిపోయి, కొండను ఉన్నదున్నట్టు చెక్కేసింది. మేమంతా పడీపడీ నవ్వితే, "కొండెనకాల ఊరోళ్లకు ఇట్లే కనిపిస్తాది, వాళ్లు మనుషులు కారా?" అని ఆ ముద్రనే ఉంచుకుంది. స్పాంజితో పసుపు ఇంకు అద్ది, అది ఆరినాక నారింజ, ఆపైన పల్చగా నీలం అద్దితే ఆకాశం వచ్చేది. ముద్రకు ఇంకు పూసి ముందు చిత్తు కాగితం మీద నొక్కి, మిగిలిన కాస్త ఇంకుతో దూరపు కొండ వేసేది. మళ్లీ చిక్కగా పూసి దగ్గరి కొండ. ప్రతి ఉగాదికీ చుట్టాలందరికీ ఒక్కో కార్డు పోస్టులో వచ్చేది, ఒక్కదాని మీదా పేరుండేది కాదు. రాయమంటే, "చూస్తే తెలీదా నాదని?" అనేది.

అంగడికి ఫోన్ చేసి, మా చిన్నమ్మ బొమ్మ అడక్కుండా ఎట్లా వేసుకున్నారని నిలదీశాను. "నెట్లో యాడో దొరికింటాదిలేక్కా. బొమ్మదేముండాది, చీర బాగుండాదా లేదా చెప్పు," అన్నాడు అంగడాయన. చీర బాగానే ఉంది, అది ఇంకా కోపం.

ఈ పొద్దున బస్సెక్కి పోయి కార్డు చిన్నమ్మ చేతిలో పెట్టాను. ఆమె నవ్వి వదిలేస్తుందని, ఆమె బదులు అరవడానికి నేనే సిద్ధపడి పోయాను. కొండ చూసి నిజంగానే నవ్వింది. చూపు కిందికి దిగేసరికి నవ్వు ఆగిపోయింది.

"మాయమ్మ ఇల్లు యాడ?"

కొండ కింద, అన్నిటికన్నా ఆఖరున, నల్లింకుతో ఆమె వేసే గోరంత ఇంటిని తుడిచేసి అక్కడ అంగడి పేరు వేసుకున్నారు. అది మా అవ్వ ఇల్లు. వానలకు కూలి చానా ఏళ్లయింది, ఒక ఫొటో కూడా లేదు. చిన్నమ్మ గొంతు లేవడం ఇన్నేళ్లలో నేను వినలేదు.

"ఫోన్ చెయ్ వానికి. కొండ కావాలంటే పెట్టుకోమను. ఇల్లు తీసేదానికి వాడెవడు?"

ఫోన్ ఆమెకే ఇచ్చాను. ఇన్నాళ్లూ పోయినవాటినల్లా కాలం పట్టుకుపోయిందని సర్దుకున్నాం. ఇది మాత్రం మనిషి తుడిచేసింది, దీన్ని కాలం మీదికి నెట్టి ఊరుకోను.