గొట్టానికి తాళం

మొన్న ఆదివారం మా తోటలో ఏం జరిగిందో ఈపాటికి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ముమ్మిడివరం బస్టాండులో కూడా చెప్పుకుంటున్నారట. ఎవరి నోటో వినేకంటే నా నోటే వినండి. టీ తాగుతూ వినండి, చల్లారిపోతుంది. తాగేముందు ఓసారి వాసన చూసుకోండి, ఈ హోటల్ పాల మీద నాకు నమ్మకం లేదు.

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ లక్ష్మి అంటుంది. ఎక్కువేం కాదండీ, ఉండాల్సినంతే ఉంది. ఎవరన్నా కారణం లేకుండా నవ్వుతూ పలకరిస్తే జేబు తడుముకుంటాను, అంతే.

అసలు సంగతికొస్తాను. అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పే మాధవి మేడమ్ గారు మా ఊరొచ్చేరు. భూమిలో నీళ్ళు ఉప్పెక్కిపోతున్నాయా లేదా అన్నది ఎవరో వచ్చి కొలవక్కర్లేదు, ఊరివాళ్ళే కొలుచుకోవచ్చు అన్నారు. దీన్ని సిటిజన్ సైన్స్ అంటారట. ఒప్పుకున్నవాళ్ళ దొడ్లో ప్లాస్టిక్ గొట్టం ఒకటి నీళ్ళు తగిలేదాకా దింపించేరు. పైన మూత. చేతికి ఉప్పెంతుందో చెప్పే పెన్నులాంటి మీటరు. ఆదివారం పొద్దున్నే దారానికి కట్టిన సీసా గొట్టంలోకి దింపి, నీళ్ళు తీసి, మీటరు ముంచి, వచ్చిన నంబరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి.

నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. సైన్సు మీద ప్రేమతో కాదు, మా బావ సూరిబాబు మీద అనుమానంతో. లక్ష్మికి స్వయానా అన్నగారు. మా కొబ్బరితోట గట్టు అవతలే ఆయన రొయ్యల చెరువు. ఆయన చెరువు తవ్వినప్పట్నుంచీ మా చెట్లకి పిందె రాలిపోతోంది. ఆ ఉప్పునీళ్ళు గట్టు కిందనుంచి మా తోటలోకి దిగుతున్నాయని నాకు లోపల్లోపల ఉంది. చేతిలో రుజువు లేక ఊరుకున్నాను. ఇప్పుడు రుజువు తీసే మీటరే చేతికొచ్చింది. గొట్టం ఎక్కడ వెయ్యమంటారని మేడమ్ అడిగితే, తిన్నగా తీసుకెళ్ళి చెరువు గట్టు పక్కనున్న చెట్ల మధ్య చూపించేను.

మొదటి ఆదివారం నంబరు మామూలుగానే వచ్చింది. నాకు నచ్చలేదు. బావకి ముందే తెలిసిపోయి జాగ్రత్తపడ్డాడనుకున్నాను.

పిందె మాత్రం రాలుతూనే ఉంది. చెట్లని చూస్తూ ఊరుకోలేం కదండీ. మా నాన్న హయాం నుంచీ చేసే వైద్యమే చేయించేను. మా ఊరి అబ్బులు ఆటోలో సరుకు తెప్పించి పాదుల్లో వేయించి నీళ్ళు పెట్టించేను. గొట్టం చుట్టూ ఉన్న చెట్లకి మరో రెండు దోసిళ్ళు ఎక్కువే పడేలా చూసేను. చెరువు పక్కనున్నవి కదా, ముందు దెబ్బ తినేది అవే.

తర్వాత వారం మీటరు ముంచితే నంబరు పైకెక్కింది. ఆ పై వారం ఇంకా పైకి. నాకు లోపల ఎంత సంతోషమో చెప్పలేను. తోట పాడైపోతోందన్న బాధకంటే నా అనుమానం నిజమైందన్న ఆనందమే ఎక్కువైపోయింది. వెంటనే గ్రూపులో ఫొటో పెట్టి కింద రాసేను, "ఉప్పు ఎక్కడినుంచి వస్తోందో గట్టు అవతలివాళ్ళని అడగండి" అని. పేరు రాయలేదు. గట్టు అవతల ఉన్నది ఒక్కడే.

బావ గ్రూపులోనే ఉన్నాడు. జవాబుగా ఒక నమస్కారం బొమ్మ పెట్టేడు. అది చూసి నాకు అనుమానం ఇంకా ముదిరింది. తప్పు చెయ్యనివాడు తిట్టాలి కదండీ, దణ్ణం పెడతాడా?

ఒకవేళ ఆయనే వచ్చి ఏమన్నా పోసిపోతున్నాడేమో, లేకపోతే నేనే పోసుకుని ఆయన మీదకి నెడుతున్నానని రేపు అంటాడేమో! రెండూ జరక్కుండా గొట్టం మూతకి కన్నం పెట్టించి ఇత్తడి తాళం వేసేను. చెవి మొలతాడుకి కట్టుకున్నాను. స్నానానికి కూడా తియ్యలేదు.

తాళం వేసేక కూడా నంబరు పెరిగింది. ఇంక సందేహమేముంది? భూమిలోంచే వస్తోంది. ఈ లోపు చెట్లు నీరసంగా కనిపిస్తే ఇంకో విడత వైద్యం చేయించేను. ఆ వారం నంబరు చూసి మాధవి మేడమ్ గారే ఫోన్ చేసేరు.

"బాబాయ్ గారూ, ఇంత తేడా ఎక్కడా లేదండి. ఆదివారం మేం వచ్చి చూస్తాం. నిజమైతే పై ఆఫీసుకి పంపక తప్పదు."

"పంపండి మేడమ్. వెంటనే పంపండి," అన్నాను.

లక్ష్మి తలుపు దగ్గర నిలబడి వింటోంది. "పంపితే ఏమవుద్దో తెలుసాండీ మీకు? చెరువు ఆపేస్తారు. అన్నయ్య రొయ్యలు పట్టి అమ్ముకునే పట్టుబడి వచ్చే వారమే. పిల్లల్లాగా పెంచుకున్నాడు ఆ రొయ్యల్ని. అంతా పోద్ది," అంది.

"మన తోట పోవట్లేదా?"

"తోట గురించి నేనేం అన్లేదండి. మీ మాట నిజమైతే అన్నయ్యని నేనే నిలదీస్తాను. కాకపోతే మాత్రం నేను పుట్టింటి గుమ్మం ఏ మొహం పెట్టుకుని ఎక్కాలో మీరే చెప్పాలి," అని లోపలికెళ్ళిపోయింది. ఆ రోజునుంచి అన్నం పెట్టడమే గాని మాట లేదు. అన్నగారి తరఫు చేరిపోయిందని దాన్నీ అనుమానించేను.

ఆదివారం వచ్చింది. మేడమ్, ఆవిడ స్టూడెంట్లు, గ్రూపులో ఉన్న ఊరివాళ్ళు అందరూ మా తోటలోనే. బావ కూడా వచ్చి కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది. నేను చొక్కా పైకెత్తి, మొలతాడునించి చెవి విప్పి, అందరూ చూస్తుండగా తాళం తీసేను.

మేడమ్ గొట్టంలో నీళ్ళు తీసి, తన మీటరు ముంచి, నంబరు చూసి నుదురు చిట్లించేరు. తర్వాత గట్టు పక్కన, సరిగ్గా చెరువు కిందున్న బోదె కాలవలో నీళ్ళు తీసి ముంచేరు. అందులో ఉప్పు చాలా తక్కువ.

"ఉప్పు చెరువునించే వస్తే ముందు ఈ బోదెలో ఎక్కువ ఉండాలి కదా బాబాయ్ గారూ," అన్నారు.

"మీటరు సరిగ్గా చూడండి మేడమ్. ఎవరన్నా మార్చేసేరేమో," అన్నాను బావ వైపు చూస్తూ.

నా మీటరు తెచ్చి ముంచితే అదీ అదే చెప్పింది. గుంపులో ఎవరో, "గొట్టంలో ఎవరన్నా కలిపేరేమోనండి," అన్నారు.

ఈ మాట కోసమే కదండీ నేను ఎదురుచూస్తున్నది. ఛాతీ విరుచుకుని చెప్పేను. "కలపడానికి వీల్లేదండి. తాళం నాది. చెవి నా ఒంటి మీదే ఉంది. ఈ చుట్టుపక్కలకి నేను తప్ప ఈగ కూడా రాలేదు. కావాలంటే మా ఆవిడనడగండి."

"ఆయ్, నిజమేనండి. నన్ను కూడా రానివ్వలేదు," అంది లక్ష్మి.

సరిగ్గా అప్పుడే అబ్బులు ఆటో వచ్చి తోట ముందు ఆగింది. ఆ వారం విడత నేనే చెప్పి మర్చిపోయేను. అబ్బులు మంచివాడే గాని గొంతు పెద్దది. అక్కణ్ణుంచే కేకేసేడు.

"సత్యం గారూ, ఉప్పు బస్తాలు తెచ్చేనండి! ఎప్పట్లాగే ఆ గొట్టం చుట్టూ చెట్లకేనాండి?"

మేడమ్ ఆటో వైపు చూసేరు, గొట్టం వైపు చూసేరు, ఆఖర్న నా వైపు చూసేరు.

"కొబ్బరికి ఉప్పు వేస్తారా బాబాయ్ గారూ?"

"పిందె రాలకుండా వేస్తామండి. మా నాన్న..." అన్నాను. అది మందండీ. పాదులో వేసి నీళ్ళు పెడితే అది కరిగి ఎక్కడికి పోతుందో నేనెందుకు ఆలోచిస్తాను? ఉప్పంటే నా లెక్కలో మా బావ చెరువులోది ఒక్కటే.

"ఎంత వేయించేరు?"

నేను చెప్పేలోపే అబ్బులు చెప్పేసేడు. స్టూడెంటు కుర్రాళ్ళు అటు తిరిగి నవ్వేరు. గ్రూపులో నేను రాసినదాని కిందే, ఈ గొట్టం నంబర్లు లెక్కలోంచి తీసేస్తున్నామని మేడమ్ మెసేజ్ పెట్టేరు. పై ఆఫీసుకి ఏమీ వెళ్ళలేదు. అయినా పిందె రాలడం మానాలంటే ముందు మీ ఉప్పు ఆపి చూడండి అని మెత్తగా చెప్పి వెళ్ళేరు.

బావ దగ్గరకొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "ఈసారి నా రొయ్యలు ఇంత హుషారుగా ఎందుకున్నాయా అనుకున్నాను బావా. గట్టు కిందనుంచి ఉప్పు మేత నువ్వు పెడుతున్నావన్నమాట," అన్నాడు. తిట్టినా బాగుండేదండీ. నాకు నిజంగా సిగ్గేసింది. ఆయన పట్టుబడి నా నోటివల్ల పోయేది.

నిన్న పట్టుబడి బ్రహ్మాండంగా అయ్యింది. సాయంత్రం బావ ఓ బుట్టెడు రొయ్యలు పంపించేడు. లక్ష్మి ఇన్నాళ్ళకి నవ్వుతూ వడ్డించింది. నేను ముందు జేబు తడుముకోవలసింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. కూరలో ఒక్క రవ్వ ఉప్పు లేదు.

"ఏమేవ్, ఉప్పు వెయ్యడం మర్చిపోయేవా?" అన్నాను.

"మర్చిపోలేదండి. కావాలంటే ఆ గొట్టంలోంచి ఓ గ్లాసుడు తెచ్చి కలుపుకోండి. తాళం చెవి మీ దగ్గరే ఉందిగా," అంది.

తడుముకున్నాను. ఇంకా మొలతాడుకే ఉంది. కూరంతా చప్పగానే తినేసేను.