ఏ చెవి అని అడిగారు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాదే మా ఆయన్ని పటాలం నుంచి ఇంటికి పంపించేశారు. యుద్ధకాలంలో బర్మా వైపు ఫిరంగుల దగ్గర పనిచేసి, యుద్ధం అయిపోయాక కూడా అదే పనిలో ఉండిపోయిన మనిషి. మా పెళ్లినాటికి కాస్త గట్టిగా మాట్లాడితే వినేవాడు. ఇంటికి వచ్చేనాటికి రెండు చెవులూ దాదాపు పోయాయి. పెదాలు కదిలే తీరును బట్టి మాట తెలుసుకునేవాడు. ఆదివారం చర్చిలో అందరూ పాట ముగించి కూర్చున్నా, ఆయన కళ్లు మూసుకుని ఇంకో చరణం పాడుతూనే ఉండేవాడు. ఎవరూ నవ్వేవారు కాదు. పాస్టరు గారు ఆయన ముగించేదాకా ఆగి, అప్పుడు ప్రార్థన మొదలుపెట్టేవారు.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నేను అక్కడి మిషన్ బడిలో పంతులమ్మను. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. జొన్నచేను ఉంది గానీ, వెనక నుంచి బండి వస్తే వినపడని మనిషిని ఒంటరిగా దారి మీదికి పంపాలంటే నాకు భయం.

వైకల్య పింఛను కోసం ఆయన పెట్టుకున్న అర్జీని పెద్దాఫీసు వాళ్లు కొట్టేశారు. కారణం ఇంగ్లీషులో ఉంటే నేనే చదివి తెలుగులో చెప్పాను. ఈ చెవుడు చిన్ననాటి జబ్బు వల్ల వచ్చింది, పటాలం నౌకరీ వల్ల కాదు అని దాని సారాంశం. పంపించేముందు పటాలం డాక్టరు అడిగితే, చిన్నప్పుడు చెవిలో చీము కారేదని ఈయనే చెప్పాడట. అడిగారు కాబట్టి చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకున్నారు.

ఆయన "పోనీలే" అని చేనికి వెళ్లిపోయాడు. దెబ్బ తగిలింది మా అత్తకు. ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని రొట్టె తట్టడం ఆపేసింది.

"నా బిడ్డ చెవులు చెడగొట్టింది నేనేనంట గదా పాపా. సర్కారే రాసినాది."

"నువ్వని ఎవరూ రాయలేదత్తా."

"ఆ చీముకు వామింటాకు పసరు పోసింది నేనే గదా. ఇంగెవరు పోసినారు?"

అప్పటి నుంచి ఆమె ఒకటే పట్టు పట్టింది. చీము మాటే అబద్ధమని చెప్పాలి, వాడికి చిన్నప్పుడు ఏ జబ్బూ లేదని చెప్పాలి. నాలుగిళ్ల వాళ్ల చేత కూడా అదే చెప్పిస్తానంది. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి చెప్పినాను. ఇప్పుడు కాదంటే నన్నేమనుకుంటారు?"

కొట్టేసిన దాని మీద అప్పీలు వేసుకోవచ్చని పాస్టరు గారు చెప్పారు. నేను బడి అయ్యాక కూర్చుని రాశాను. ఆయన ఏ ఫిరంగి దగ్గర ఎంత కాలం ఉన్నాడో, చెవుల్లో హోరు ఎప్పుడు మొదలైందో, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చిన్ననాటి సంగతి దగ్గరికి వచ్చేసరికి నా కలం ఆగింది. ఆయన నా ముఖం చూసి, "రాయి" అన్నాడు. రాశాను.

చాలా నెలల తర్వాత పిలుపు వచ్చింది. అప్పీళ్లు వినే బోర్డు నంద్యాల ప్రయాణికుల బంగళాలో కూర్చుంటుందట. చిన్నప్పటి నుంచి ఎరిగినవారిని సాక్షిగా తీసుకురావచ్చని అందులో ఉంది. ఆ చెవి సంగతి దగ్గరుండి చూసిన మనిషి మా అత్త తప్ప ఎవరూ లేరు. బస్సులో ఆమె నా పక్కన కూర్చుంది. నంద్యాలలో దిగాక, "నేను ల్యాదనే చెప్తా. నువ్వు అడ్డం రాగాకు" అంది.

బోర్డులో ముగ్గురున్నారు. మధ్యలో పెద్దాయన, ఒకప్పుడు జడ్జీగా చేశారట. ఒక పక్క పటాలం డాక్టరు ఒకరు, ఇంకో పక్క మామూలు ఆసుపత్రి డాక్టరు. వాళ్ల మాటలు మా ఆయనకు అందించడానికి నన్ను ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. ఇద్దరు డాక్టర్లూ దీపం పెట్టి చెవులు చూశారు. గంట మోగించారు, వెనక నిలబడి మాట్లాడారు. పటాలం డాక్టరు, "ఎడమ చెవి కర్ణభేరి మీద పాత మచ్చ ఉంది" అన్నారు. ఆ మాట కూడా ఆయనకు అందించాను.

పెద్దాయన మా అత్త వైపు తిరిగారు. "అమ్మా, ఈయనకు చిన్నప్పుడు చెవిలో చీము కారేదా?"

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. ప్రశ్న మా ఆయనకు వినపడలేదు. కానీ తల్లి ముఖం చూసి ఏమడిగారో పోల్చుకున్నాడు.

"చెప్పు మా, ఏముండాది దాంట్లో" అన్నాడు.

ఆమె తలెత్తింది. "కారేది సామీ."

"ఏ చెవి?"

"ఎడమది. నేను పసరు పోసినా. ఎండిపాయ. ఆ తర్వాత బాగనే ఇనేవాడు."

"బాగా వినేవాడని ఎట్లా చెప్తావు?"

"గొర్లు మేపేకి వాగు అవతలికి పోయేవాడు సామీ. నేను ఈ గట్టున నిలబడి బువ్వకు రారా అని పిలిస్తే ఆ గట్టు నుంచి పలికేవాడు. వినపడకపోతే ఎట్ల పలుకుతాడు?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన ముందున్న కాగితాలు తిరగేసి ఒకచోట ఆగారు. పటాలంలో చేర్చుకున్న రోజు డాక్టరు చెవులు చూసి బాగున్నాయని రాశాడని చదివారు. నాకు అర్థం కావాలని కాబోలు, నెమ్మదిగా చెప్పారు. "బాగున్నాడని చేర్చుకున్న మనిషి చెవిటివాడై బయటికొస్తే, అది నౌకరీలో వచ్చిందనే మొదట అనుకోవాలి. కాదంటే, ఎందుకు కాదో చూపించాల్సింది సర్కారే. అనుమానం మిగిలితే సిపాయి పక్షమే."

మా అత్త లేవబోయి ఆగింది. "సామీ, నేను పసరు పోసినందుకే పోయిందా?"

ఆసుపత్రి డాక్టరు గారు కళ్లజోడు తీశారు. "పసరు ఎడమ చెవిలో పోశావు కదమ్మా. మరి కుడి చెవి ఎందుకు పోయింది?"

ఆమె అక్కడే, వాళ్ల ముందే ఏడ్చేసింది. ఎవరూ తొందరపెట్టలేదు. మా ఆయన ఏం జరిగిందని నన్ను సైగ చేసి అడిగాడు. డాక్టరు అన్నమాట నేను గట్టిగా, పెదాలు బాగా కదిపి చెప్పాను. అప్పుడాయన లేచి వెళ్లి తల్లి పక్కన కూర్చున్నాడు.

తీర్పు ఆ రోజు చెప్పలేదు. వానలు తగ్గాక వచ్చింది. కుడి చెవి ఫిరంగుల మోత వల్ల పోయిందని ఒప్పుకున్నారు. ఎడమది నౌకరీ వల్ల పుట్టింది కాదుగానీ నౌకరీలో ముదిరిందని రాశారు. దానికీ పింఛను ఉంటుందట. మొదటి తీర్పు కొట్టేసి, కొంతకాలం తర్వాత మళ్లీ చెవులు చూపించుకోవాలన్న షరతుతో పింఛను ఇచ్చారు. ఇరుగుపొరుగు అందరికీ వినపడేలా నేను ఆయనకు చెప్పాను. ఆయన, "ఎడమదాన్ని కూడా సరిగ్గానే చూసినారు" అన్నాడు. ఆ మాటలో సంతోషం కంటే తృప్తి ఎక్కువ కనిపించింది నాకు. అబద్ధం ఆడకుండానే తన మాట నెగ్గింది.

గడువు వచ్చి నంద్యాల ఆసుపత్రికి మళ్లీ పిలిచినప్పుడు అది చెవుల పరీక్ష ఒక్కటే, సాక్షులతో పని లేదు. అయినా తెల్లవారేసరికి మా అత్త ఉతికిన చీర కట్టుకుని, రొట్టెలు మూటగట్టుకుని వాకిట్లో నిలబడింది.

"నిన్ను పిలవలేదత్తా" అన్నాను.

"పిలవకుంటే ఏమాయ? అడిగితే చెప్పేదానికి ఒకరుండాల గదా. బేగా నడువు, బస్సు పోతాది" అని మా ఇద్దరికంటే ముందు రోడ్డెక్కింది.