టీవీ శకుంతలమ్మ

"నీ సంసారమే నిలబెట్టుకోలేకపోయినావు, మా సెల్లెలికేం సంసారం కుదురుస్తావు?"

చిత్తూరు సంతపేటలో బెల్లం మండీ నడిపే ఢిల్లీబాబు పదిహేనేళ్ల కిందట శకుంతలమ్మను వాకిట్లోనే నిలబెట్టి ఈ మాట అడిగాడు. లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. అప్పటికి ఆమె భర్త తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీలో పనికని వెళ్లి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టేశాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. ముఖం మీద అడిగినవాడు మాత్రం ఢిల్లీబాబు ఒక్కడే.

"బాయిలో పడినోళ్లకే దాని లోతు తెలిసేది అన్నా," అంది శకుంతలమ్మ. "ఒడ్డున నిలబడినోళ్లని అడిగితే నీళ్లు తియ్యగుండాయంటారు."

ఢిల్లీబాబుకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే ఆమెకు లోపల కుర్చీ దొరికింది. చెల్లెలికి ఆమె చెప్పిన సంబంధమే ఖాయమైంది. ఆ కాపురం ఈనాటికీ నిలిచే ఉంది.

పెళ్లిళ్లు స్వర్గంలో నిర్ణయమవుతాయని చెప్పేవాళ్లు శకుంతలమ్మ రెక్సిన్ సంచీ ఎప్పుడూ విప్పి చూసి ఉండరు. జాతకాలు, ఫొటోలు, జెరాక్సు కాగితాలు, మధ్యలో తలనొప్పి మాత్రలు. అయినా అసలు సరుకు సంచీలో ఉండేది కాదు, ఆమె కడుపులో ఉండేది. ఏ పిల్లవాడు సాయంత్రమైతే సీసా పట్టుకుంటాడు, ఏ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛలు వచ్చి తగ్గాయి, ఏ ఇంటి వాటాలు కోర్టులో ఉన్నాయి, అన్నీ ఆమెకు తెలుసు. ఏ మాట ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్నదే ఆమె వృత్తి. అబద్ధం ఆడేది కాదు. తాంబూలాలకు ముందు, చెప్పవలసింది చెప్పవలసినవాళ్ల చెవిన వేసేది. అంతకుమించి పక్క గోడకు కూడా తెలియనిచ్చేది కాదు.

ఆ వృత్తికి రాయని చట్టం ఒకటుంది. మూడు ముళ్లు పడ్డ రోజు, పందిట్లోనే, తాంబూలంలో పెట్టి రెండు వైపులవాళ్లూ డబ్బివ్వాలి. సంబంధం చివరకు ఎవరి నోట ఖాయమైనా సరే, మొదట చూపించినవాళ్లదే ఆ తాంబూలం.

తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫొటోలన్నీ ఫోనులోకి ఎక్కాయి. దాంతో కొత్త పీడ మొదలైంది. ఒక ఫొటో చూడమని ఫోను చేతికిస్తే జనం వేలితో పక్కకు తోసుకుంటూ పోతారు. కొంగారెడ్డిపల్లెలో ఒక తల్లి అలా తోసి తోసి, తన కొడుకును వద్దనుకున్న మూడిళ్లవాళ్లు మెసేజీల్లో ఏం రాశారో మొత్తం చదివేసింది. ఫోను తిరిగిచ్చేటప్పుడు ఆమె ముఖం చూసి, ఆ వీధిలోకి మళ్లీ వెళ్లాలంటే శకుంతలమ్మకు జంకు పుట్టింది.

దానికి మందు చెప్పింది ఢిల్లీబాబు కూతురు భానుప్రియ. ఆ పిల్ల ఒక ల్యాబులో రక్తపరీక్షల రిపోర్టులు టైపు చేసేది. ఎవరి రిపోర్టు ఎవరి చేతిలో పెట్టాలో, ఎవరి కంట పడకూడదో చూసుకోవడమే దాని కొలువు.

"ఫోను సేతికియ్యొద్దు పిన్నమ్మా. టీవీలో ఎయ్యి. వైరు గియిరు ఏమీ వద్దు. ఇద్దో, ఈడ నొక్కితే టీవీ పేరు కనపడతాది, దాన్ని నొక్కు. నీ ఫోనులో ఏముంటే ఆడ అదే పడతాది. ఫోను నీ సేతిలోనే ఉంటాది, నువ్వు సూపించిందే సూస్తారు."

"నువ్వు నా కడుపున పుట్టాల్సిన పిల్లవే," అని మురిసిపోయింది శకుంతలమ్మ.

అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా మొదట మంచినీళ్లు, తర్వాత వైఫై పాస్‌వర్డు అడిగేది. గోడంత టీవీలో పెళ్లికొడుకు నిలువెత్తున నిలబడితే ముసలివాళ్లు కూడా కళ్లద్దాలు వెతుక్కోనక్కర్లేకపోయింది. రహస్యం కాపాడుకోవడానికి ఆమె పట్టిన పనిముట్టు ఇది. అంతకు మించి దాని గురించి ఆమెకు తెలిసింది లేదు.

భానుప్రియకు ఒక పెళ్లి అయింది. గూడూరులో నిమ్మకాయల మండీవాళ్ల సంబంధం. అది శకుంతలమ్మ తెచ్చింది కాదు, ఢిల్లీబాబు వ్యాపార స్నేహం తెచ్చింది. మొగుడు చెయ్యి చేసుకునే రకం. ఒకరోజు చెవి నుంచి నెత్తురు కారితే ఆ పిల్ల కట్టుబట్టలతో బస్సెక్కి చిత్తూరు వచ్చేసింది. విడాకులు వచ్చాయి. ఆ తర్వాత ఢిల్లీబాబు శకుంతలమ్మ ముందు కూర్చుని, "ఈసారి నువ్వే సూడమ్మా," అన్నాడు. పదిహేనేళ్ల కిందటి ప్రశ్నకు క్షమాపణ అనుకోవాలంటే అదే అనుకోవాలి.

తిరుపతి బైరాగిపట్టెడలో వరదమ్మ కొడుకు మునికుమార్ ఉన్నాడు. మందుల ఏజెన్సీలో పని. మొదటిసారి వెళ్లినప్పుడు శకుంతలమ్మ వాళ్ల టీవీలో ఇద్దరమ్మాయిల ఫొటోలు వేసింది. ఒకరు పుత్తూరు పిల్ల రూపశ్రీ, ఇంకొకరు భానుప్రియ.

"ఏమ్మే, సినిమా ఏస్తాండావా ఏంది మా ఇంట్లో," అని వరదమ్మ నవ్వింది. మునికుమార్ మాత్రం భానుప్రియ ఫొటో దగ్గర, "ఇంగోసారి సూపించు ఆంటీ," అన్నాడు.

శకుంతలమ్మ తన పద్ధతి ప్రకారం తల్లీకొడుకులిద్దరినీ వంటింట్లోకి పిలిచి, గూడూరు సంగతి చెవిన వేసింది. వరదమ్మ చేతిలోని కరివేపాకు రెబ్బ మొత్తం దూసింది. ఆ తర్వాత తేల్చింది.

"వాడు కొడితే పాప ఏం సేస్తాది? మాకేం పట్టింపు లేదు. తీర్పు కాయితం ఒగసారి కండ్లతో సూస్తే సాలు. రేపు ఎవడన్నా వచ్చి నా పెండ్లామని నిలబడకూడదు గదా."

న్యాయమైన కోరికే. ఆ కాగితంతోనే తాంబూలాల తేదీ పెట్టుకుందామనుకున్నారు. వీలు కుదిరింది ఒక పెరటాసి శనివారం, ఆ నెలలో ఇంటింటా కొండమీది స్వామికి పూజ చేసే రోజు.

ఇక్కడ ఆ ఇంటి సంగతి చెప్పాలి. కింద వరదమ్మ, పైన అద్దెకు దేవనాథన్ కుటుంబం. దేవనాథన్ గుడి ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య వకుళాదేవి. రెండు పోర్షన్లకూ ఒకటే వైఫై, బిల్లు చెరిసగం. దసరా ఆఫరులో రెండు కొంటే బాగా తగ్గిస్తారని మునికుమార్ బేరమాడి, రెండిళ్లకూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ టీవీలు ఒకే ఆటోలో తెచ్చాడు. అంత పొదుపు తెలిసిన ఇల్లు. వాటికి వేరే పేర్లు పెట్టుకోవచ్చని ఎవరికీ తోచలేదు. తోచవలసిన అవసరం మాత్రం ఏముంది?

మొదటిసారి శకుంతలమ్మ వెళ్లినప్పుడు పై టీవీ కట్టేసి ఉంది. ఫోనులో ఒక్క పేరే కనపడింది. పెరటాసి శనివారం నాడు పైన తళిగ వేశారు, అంటే అన్నం రాశిపోసి స్వామికి పెట్టారు. నైవేద్యం అయ్యాక వీధిలోని ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని, టీవీలో కొండ మీది కల్యాణం చూస్తున్నారు. నాదస్వరం మెట్ల మీదుగా కిందికి వినపడుతూనే ఉంది.

శకుంతలమ్మ ఫోనులో కాగితం తెరిచి వరదమ్మకు చూపబోయింది.

"నాకేం కనపడతాది? కంటి ఆపరేషనై నెల కూడా కాలేదు," అంది వరదమ్మ. "టీవీలో ఎయ్యి మ్మే, పెద్దగా పడతాది."

ఫోనులో ఒకే పేరు రెండుసార్లు వచ్చింది. ఫోను తడబడింది కాబోలు అనుకుని శకుంతలమ్మ పైదాన్ని నొక్కింది. కలిసిందని ఫోను చెప్పింది. ఎదురుగా టీవీ నల్లగానే ఉంది.

"వస్తాది ఉండక్కా. మీ నెట్టు నిదానం."

కాగితాన్ని పెద్దది చేసింది. టీవీకి అందలేదేమోనని పేజీ వెంట పేజీ మెల్లగా జరిపింది. పైన నాదస్వరం ఆగిపోయింది. ప్రకటనలు వచ్చాయేమోననుకుంది. మునికుమార్ లేచి రిమోట్ చేతిలో కొట్టి బ్యాటరీలు తిప్పి పెట్టాడు. అప్పుడు శకుంతలమ్మకు ఒక మాట గుర్తొచ్చింది.

"అంతలోకి పాప గొంతు వినండి. మీకోసమే పంపించింది, నిన్ననే."

నొక్కింది. ఫోను నోరు విప్పలేదు. గొంతు వచ్చింది. పైనుంచి వచ్చింది. కిటికీలోంచి, మెట్ల మీదినుంచి, కల్యాణం చూడటానికి పెంచిపెట్టిన శబ్దంతో, భానుప్రియ గొంతు వీధి సగానికి వినపడేలా వచ్చింది.

"పిన్నమ్మా, వాళ్లకు మొత్తం సెప్పేసెయ్యి. వాడు కొట్టింది, నా ఎడమ సెవి సరిగ్గా ఇనపడనిది గూడా సెప్పు. దాసిపెట్టి సేసుకుంటే నేను మళ్లీ బయపడతా బతకాల. తెలిసి రమ్మంటేనే వస్తాను..."

శకుంతలమ్మకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆపబోయి, తొందరలో మళ్లీ మొదటినుంచి మోగించింది. మునికుమార్ ఫోను లాక్కుని కట్టేశాడు. తళిగ వేసిన ఇంట్లో అంతమంది ఆడవాళ్లు ఉండి అంత నిశ్శబ్దం ఆ వీధి ఎప్పుడూ విని ఉండదు.

కాసేపటికి వకుళాదేవి పులిహోర గిన్నెతో మెట్లు దిగింది.

"మేమేమీ చూడలేదు వరదమ్మా. ఎవరో అడుగుతున్నట్టు టీవీలో ఒక పెట్టె వచ్చింది. ఓకే నొక్కితే పోతుందని నొక్కినాను. అంతే."

"మరి కట్టేయలేదా?" అంది శకుంతలమ్మ.

"స్వామి కల్యాణం మధ్యలో కట్టేస్తే అపచారం గదమ్మా," అంది వకుళాదేవి. వెళ్తూ వెళ్తూ మెట్టు మీద ఆగి, "పాపం, ఆ పిల్లకు ఎడమ చెవేనా?" అని అడిగింది.

ఆమె వెళ్లాక వరదమ్మ పులిహోర గిన్నె మీద మూత పెట్టింది.

"ఇంగ ఈ సంబంధం మాకొద్దు శకుంతలా."

"అదేందక్కా? మీకు ముందే సెప్పినాను గదా. మీకు తెలియనిది ఒగ్గ మాట లేదు దాంట్లో."

"మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్లకు తెలీదు గదా! రేపు ఆ పాప ఈ మెట్లకింద ముగ్గేస్తాంటే అందరూ సెవికెల్లే సూస్తారు. తెలిసి తెచ్చుకున్నారంటారు. యాడా దొరకలేదేమోనంటారు. నా కొడుక్కే ఏదో లోపముండాదంటారు."

"అబ్బాయ్, నువ్వు సెప్పు," అంది శకుంతలమ్మ మునికుమార్ వైపు తిరిగి.

మునికుమార్ రిమోట్ వెనక మూత సరిచేస్తున్నాడు. "అమ్మ సెప్పినాక నాదేముండాది ఆంటీ," అన్నాడు. అప్పటికి ఆ బ్యాటరీలను మూడోసారి తిప్పాడు.

"నేను కాయితం సూపించమన్నాను గానీ టీవీలో ఎయ్యమన్నానా?" అంది వరదమ్మ. అన్న మాటను అంత తొందరగా మింగగలిగిన మనిషికి ఏం జవాబు చెప్తారు? శకుంతలమ్మ సంచీ తీసుకుని బస్టాండుకు నడిచింది.

నిజం నిప్పులాంటిదనీ, ఎప్పటికైనా బయటపడుతుందనీ, పడటమే మంచిదనీ చెప్పేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఆ వారమంతా ఆ మాట బైరాగిపట్టెడలో ఇంటింటా వినపడింది. అక్కడ బయటపడిన నిజం ఏమిటి? చెప్పవలసినవాళ్లకు ముందే చెప్పారు. వాళ్లు ఒప్పుకున్నారు కూడా. ఒప్పుకున్నవాళ్లను వెనక్కి లాగింది నిజం కాదు, పై పోర్షన్.

ఢిల్లీబాబుకు ఆమె ఫోను చేయలేదు. ఎదురుగా వెళ్లి చెప్పింది. ఈసారి అతను ఏమీ అడగలేదు. పాత ప్రశ్నే మళ్లీ అడిగినా బాగుండేదనిపించింది ఆమెకు. భానుప్రియ లోపలినుంచి బయటికి రాలేదు. శకుంతలమ్మ ఇంటికి తిరిగి బస్సెక్కాక ఆ పిల్లనుంచి ఫోనులో ఒక ముక్క వచ్చింది.

"నేను సెప్పమనింది ఇద్దరికే పిన్నమ్మా."

ఆ పిల్ల ఆ తర్వాత పిన్నమ్మా అని పిలవలేదు. ఇంకో సంబంధం చూడమని ఆ ఇంటినుంచి కబురూ రాలేదు.

కబురు తిరుపతి నుంచి చిత్తూరుకు ఆ శనివారం ఆమె ఎక్కిన బస్సు కంటే ముందే చేరింది. నెల తిరిగేసరికి ఆమెకు పేరు పడింది, టీవీ శకుంతలమ్మ. "ఆయమ్మ దగ్గర ఏమన్నా సెప్తే టీవీలో ఏస్తాది," అని మిట్టూరులో ఒకామె నవ్వుతూ ఆమె ముఖం మీదే అంది. కొన్నిళ్లలో ఆమె గడప తొక్కగానే ఎవరో ఒకరు లేచి టీవీ ప్లగ్గు పీకేస్తారు. మంచినీళ్లు మాత్రం ఇస్తారు. వైఫై పాస్‌వర్డు ఆమె అడగదు. సంచీలో మళ్లీ అట్ట ఫొటోలు చేరాయి. వాటిని కడిగించిన ఖర్చు కూడా ఈమధ్య రావడం లేదు. ఇరవయ్యేళ్లు కడుపులో దాచుకున్న మాటల్లో ఒక్కటి కూడా ఆమె నోటినుంచి జారలేదు. దాన్ని గుర్తుచేసుకున్నవాళ్లు ఎవరూ లేరు.

సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో మునికుమార్‌కు పెళ్లయింది. పెళ్లికూతురు పుత్తూరు రూపశ్రీ. వరదమ్మ ఆ పిల్ల ఊరూ ఇంటిపేరూ గుర్తుపెట్టుకుని, తెలిసినవాళ్ల ద్వారా నేరుగా కబురు పంపి ఖాయం చేసుకుంది. శకుంతలమ్మకు పత్రిక రాలేదు. అయినా పట్టుచీర కట్టుకుని వెళ్లింది. మూడు ముళ్లు పడేదాకా పందిట్లో వెనక కుర్చీలో కూర్చుంది. మండపంలో రెండు పెద్ద తెరల మీద పెళ్లి కనపడుతూ ఉంది. తాంబూలాలిచ్చే చోట వరదమ్మ ఎదురైంది.

"ఈ పిల్లను మీకు మొదట సూపించింది నేనే అక్కా," అంది శకుంతలమ్మ గొంతు తగ్గించి.

"యాడ సూపించినావు? మా టీవీలోనా, పై టీవీలోనా?" అంది వరదమ్మ. పక్కనున్న ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. వకుళాదేవి కూడా అక్కడే ఉంది. ఆమె నవ్వలేదు, కళ్లు మూసుకుంది.

ఆకు, వక్క, అరటిపండు పెట్టిన సంచీ ఒకటి శకుంతలమ్మ చేతిలో పడింది. బయటికొచ్చి చూస్తే అందులో ఆకు, వక్క, అరటిపండే ఉన్నాయి. రూపశ్రీ తల్లి మాత్రం తర్వాత పుత్తూరు నుంచి మనిషినంపి తమ వంతు ఇచ్చేసింది.

మగపిల్లవాడి వైపునుంచి రావలసిన ఇరవై వేలు వరదమ్మ ఇంకా ఇవ్వలేదు.