తప్పు నాది అన్న మేస్త్రీ

మా కారు మేస్త్రీ పోయారు. సోమవారం పొద్దున నేను పూజలో ఉండగా తమ్ముడు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. కళ్లు తెరిచేదాకా ఆగి, "అక్కా, మేస్త్రీ నిద్రలనే పోయిండంట" అన్నాడు. మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఆయన కోసం ఒక దండం పెట్టుకున్నాను.

మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఇంట్లో నేను పెద్దదాన్ని. తమ్ముడికి ఒక పాత స్పోర్ట్స్ కారు పిచ్చి ఉంది. రెండే సీట్లు, కూర్చుంటే రోడ్డు మీద చాప పరుచుకున్నట్టు ఉంటుంది. వయసులో ఆ బండి నాకంటే పెద్దది. ఎల్బీ నగర్ సందులో రేకుల షెడ్డు నడిపే ఈ మేస్త్రీ తప్ప దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

శనివారాలు దుకాణానికి వచ్చి బండ్లు తుడవడానికి పాత గుడ్డలు అడిగేవారు. "నూలుదే ఇయ్యి చెల్లె. పట్టు షోకుకే, నూనె గుంజదు." మా బండి బాగు చేసేటప్పుడు చాయ్ ఇస్తే సగం తాగి పక్కన పెట్టేవారు. మిగతాది బండి స్టార్ట్ అయినంకనే. చల్లారిన చాయ్ తాగీ తాగీ ఆయనకు వేడి చాయ్ రుచే తెలియదని తమ్ముడు ఎక్కిరించేవాడు.

పోయిన ఏడాది ఆ కారు డిస్ట్రిబ్యూటర్ అరిగిపోయింది. ఇంజన్‌లోని నాలుగు ప్లగ్గులకు ఒకదాని తర్వాత ఒకదానికి నిప్పు పంచే భాగం అది. చిన్న చెంబంత ఉంటుంది. దాని బదులు ఏది పెట్టాలన్న దగ్గర తమ్ముడికీ మేస్త్రీకీ పడలేదు.

"కొత్త రకం వచ్చింది మేస్త్రీ. లోపల రాసుకునే పాయింట్లే ఉండవు, అరిగేదే లేదు."

"అరగంది మంచిగున్నదో లేదో నాకెట్ల తెలుస్తది తమ్మీ?"

"మీకు తెల్వకపోతే అది చెడ్డదా?"

మేస్త్రీ రెండు వారాలు తిరిగి, పాత సామాన్ల దుకాణం నుంచి అదే నంబరున్న డిస్ట్రిబ్యూటర్ పట్టుకొచ్చారు. మధ్యలో కడ్డీని రెండు వేళ్లతో పట్టి ఊపి చూశారు. "ఆట లేదు, ఊగుతలేదు. గట్టిగున్నది" అని బిగించారు. తమ్ముడు మొండివాడు. కొత్తది కూడా తెప్పించి, డబ్బా విప్పకుండా దుకాణం అటక మీద పెట్టాడు.

తర్వాత ఒక ఏకాదశి నాడు తమ్ముడు నన్ను గుడికి తీసుకుపోతున్నాడు. మంచి ఎండ. ఎల్బీ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సగంలో ఇంజన్ ఆగిపోయింది. దగ్గలేదు, చప్పుడు చేయలేదు, ఊరికే ఆగింది. వెనక బ్రేకులు కీచుమన్నాయి. తిరిగి చూస్తే లారీ బంపర్‌కు కట్టిన నిమ్మకాయ, మిరపకాయలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. తమ్ముడు తాళం మళ్లీ మళ్లీ తిప్పుతున్నాడు. నా నోట దేవుడి నామం కూడా రాలేదు.

ఇంటికొచ్చి ఒక్క మాటే అన్నాను. "ఈ బండి అమ్మెయ్."

నేను ఏదీ అడగను. అడిగితే వాడు కాదనడు. ఆదివారం వచ్చి బండి చూస్తానని కొనే మనిషి ఒకడు చెప్పాడు. తమ్ముడు రెండు రోజులు సరిగా తినలేదు. అది చూసి కూడా నేను మాట మార్చలేదు.

సంగతి తెలిసి మేస్త్రీ ఇంటికే వచ్చారు. డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి మెట్ల మీద కూర్చున్నారు. కడ్డీని ఊపితే కదల్లేదు. ఆగినప్పుడు ఇంజన్ బాగా కాగిందా అని అడిగారు.

"మసిలే నీళ్లు ఉన్నయా చెల్లె?"

గిన్నెలో తెచ్చి ఇచ్చాను. దాన్ని అందులో ముంచి, కాసేపాగి గుడ్డతో తీసి, మళ్లీ ఊపారు. ఈసారి టకటకమని కొట్టుకుంది. నీళ్ల మీద నల్లటి గ్రీజు తేలింది.

"పాత గ్రీజు గడ్డకట్టి కడ్డీని పట్టుకున్నది. అది చూసి కడ్డీ చుట్టూ ఉండే బుష్ మంచిగున్నదనుకున్న. ఇంజన్ వేడికి గ్రీజు కరిగింది, కడ్డీ ఊగింది, నిప్పు తప్పింది." గిన్నె పక్కకు జరిపారు. "తప్పు నాది."

తమ్ముడు ఎన్ని మాటలైనా అనవచ్చు. చేతులు తుడుచుకొమ్మని గుడ్డ అందించాడు.

"పాతది మంచిదని తెచ్చింది కాదు చెల్లె. నాకు తెలిసిందని తెచ్చిన." తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "ఆ డబ్బా పట్టుకరా తమ్మీ" అన్నారు.

అరవై దాటిన మనిషి. తమ్ముడు ఇంగ్లీషు కాగితం చదివి తెలుగులో చెబుతుంటే బడిపిల్లాడిలా విన్నారు. "ఇంకోసారి సదువు. ఇది నాకు తెల్వదు." కొత్తదాని కింది పళ్లచక్రం పాతదాని పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టారు. ఏ వైపు తిరుగుతుందో చూశారు. దాన్ని కూడా మసిలే నీళ్ల గిన్నెకు ఆనించి వేడెక్కనిచ్చి, అప్పుడు ఊపారు. ఆట లేదు.

శనివారం బిగించి, నా దగ్గరికి వచ్చారు. "అమ్మేటిదైతే రేపు అమ్ముండ్రి. ఇయ్యాల ఒక్కసారి అదే ఫ్లైఓవర్ ఎక్కుడు మీద నా పక్కన కూసో."

"నాకు భయం, అన్నా."

"నాకు లేదనుకున్నవా?"

వద్దనే అనబోయాను. తప్పు ఒప్పుకున్న మనిషి ముందు ఆ మాట రాలేదు. ఎక్కాను.

ముందు కొత్తపేట ట్రాఫిక్‌లో గంటసేపు తిప్పారు. ఇంజన్ కాగాలని. తమ్ముడు స్కూటర్ మీద మా వెనకే వచ్చాడు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, సగంలో ముందు బండ్లన్నీ ఆగిపోయాయి. మేమూ ఆగాం. మేస్త్రీ హ్యాండ్ బ్రేక్ లాగి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేశారు. ఇంజన్‌ను దాని మానాన వదిలేశారు.

నేను నామం మొదలుపెట్టాను. కాళ్లకు సెగ తగులుతోంది. ఒకసారి ఇంజన్ శబ్దం కొంచెం దిగింది. నా నామం ఆగింది. ఆయన మెడ మీద చెమట కారుతోంది, కానీ చెయ్యి కదపలేదు. శబ్దం మళ్లీ నిలకడకు వచ్చింది, అలాగే సాగింది.

"రేపు ఆ మనిషిని రావొద్దంటా" అన్నాను.

"ఆగు చెల్లె. పైకి ఎక్కనీ."

ఆ బండి ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఆయన ఫొటో మాత్రం లేదు. ఆయన్ను తలుచుకుంటే నాకు కనిపించేది ఆ ఎక్కుడే. వెనక తమ్ముడు స్కూటర్ అడ్డం పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి లారీని ఆపుతున్నాడు. నా పక్కన మేస్త్రీ అరచేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకొని, కళ్లు మూసుకొని వింటున్నారు.