మూడు కట్టైల కింద నేల

కడంబత్తూరు దండపాణన్నకు యాభై ఎనిమిదేళ్లు. పట్టాభిరామ్‌లో ఒక చిన్న కార్ఖానాలో ముప్పై ఏళ్లుగా లేత్ మీద పనిచేస్తున్నాడు. అయినా మా ఊళ్లో అందరూ ఆయనను బేస్ దండపాణి అనే పిలుస్తారు. వాళ్లక్క గోవిందమ్మ పాడే కచేరీ పార్టీలో నాలుగు తంతుల బేస్ గిటారు ఆయనది. పాట అడుగున గుమ్ గుమ్మని నడిచే శబ్దం అది. ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే పాట కాలు జారినట్టుంటుంది. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. ఈ కాస్తా వాళ్లను విని విని తెలుసుకున్నదే.

నా చిన్నప్పుడు ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణిలో వాళ్ల కచేరీ ఉండేది. పొద్దున లోకల్ రైల్లో ఆయన గిటారును దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఎదురుగా గోవిందక్క ఒక్కో మిరియం గింజా నములుతూ, ఎవరు పలకరించినా తల మాత్రమే ఊపేది. గొంతంతా స్వామికి దాచిపెట్టుకుందని మేం నవ్వుకునేవాళ్లం. సాయంత్రం ఆమె పాట ఎత్తుకుంటే, కొండ దిగి వచ్చిన కావడివాళ్లు కాళ్ల నొప్పులు మరిచి నిలబడిపోయేవాళ్లు.

శ్రుతిని మా వైపు కట్టై లెక్కన చెబుతారు. హార్మోనియం మీద ఒకటి, ఒకటిన్నర, రెండు అని పైకి ఎక్కుతూ పోతాయి. గోవిందక్కది అయిదు కట్టై. మైకు మొరాయించినా చివరి వరస దాకా వినపడేది.

ఏళ్లు గడిచేకొద్దీ అయిదు నాలుగయింది. నాలుగు నుంచి దిగాల్సిన రోజున ఆమె బతిమాలింది.

"మూడున్నరలో పెట్టరా. ఒకేసారి మూడంటే నామోషీగా ఉండాది."

హార్మోనియంలో అర కట్టైలన్నీ నల్లమీటలే. మూడుకూ నాలుగుకూ నడుమ నల్లమీట లేదు. మూడున్నర అనే కట్టై లేదు.

"చేసినోడే పెట్టలేదక్కా, నేను యాడనుంచి తెచ్చేది?" అన్నాడు దండపాణన్న. ఆమె నవ్వి మూడుకే దిగింది.

పోయిన ఏడు కృత్తికకు ముందు మూడు కూడా అందలేదు. ఇంట్లో సాధకం చేస్తూ రెండుకు దించి చూశారు. అక్కడే చిక్కు వచ్చింది. నాలుగు తంతుల బేస్‌లో అన్నిటికంటే లావు తంతిని మెట్ల మీద వేలు పెట్టకుండా ఒట్టిగా మీటితే మూడో కట్టై స. ఇంకా కిందికి పోవడానికి దారి లేదు. తంతిని వదులు చేస్తే కుక్కిమంచం తాడులా వేలాడింది. సరేనని పైస్థాయి స వాయించాడు. గోవిందక్క పల్లవి సగంలో ఆపేసింది.

"కింద ఎవురూ లేనట్టుండాది రా. పోదుమ్, ఇంక చాలు. నేను పాడను."

ఆ ఏడు కచేరీ జరగలేదు. గొంతు పోయిందని ఆమె నమ్మింది. తన గిటారే చాల్లేదని ఆయన నమ్మాడు.

ఈ ఏడు కృత్తిక ఇంకో నెల ఉందనగా తిరువళ్లూరులో తేరు నిలిపే తేరడి దగ్గర వాద్యాల అంగడి మురళికి ఫోను చేశాడు. "కింద ఇంకో తంతి ఉండే బేస్ తెప్పించు" అన్నాడు. అది వచ్చిందంటే తోడుగా నేనూ వెళ్లాను. అక్కకు అదే రోజు ఆ ఊళ్లోనే కంటి డాక్టరును చూడాల్సిన పని ఉంది. "వచ్చి రంగు చెప్పిపో చాలు" అని ఆమెనూ వెంట తెచ్చాడు.

పెట్టె విప్పాం. తంతులు అయిదే. కానీ కొత్తది సన్నంగా, అన్నిటికంటే అడుగున ఉంది.

"ఏందప్పా ఇది? సన్నంది ఏసినావు?"

"నువ్వే గదన్నా కింద తంతి అంటివి! కిందే గదా ఉండేది!"

గిటారు మెడకు తగిలించుకుంటే లావు తంతి చేతికి పైన వస్తుంది, సన్న తంతి కింద వస్తుంది. శబ్దానికి కింద అయినది చేతికి పైన.

"నేను చెప్పింది సద్దానికి కింద! నువ్వు ఇనింది చెయ్యికి కింద!"

"అట్లయితే పైనా ఒకటి, కిందా ఒకటి ఉండేది తీసుకోన్నా. మల్లా నాతో కొట్లాడేదానికుండదు" అంటూ మురళి ఆరు తంతుల బేస్‌లు మూడు దించాడు. ఏదో చర్చి బృందం చూస్తామంటే తెప్పించినవట.

దండపాణన్న జేబులోంచి కార్ఖానా వెర్నియర్ తీసి తంతుల మధ్య సందు కొలవడం మొదలుపెట్టాడు. మురళి నోరు తెరిచాడు. నల్లదానిలో తంతులు మరీ దగ్గర. ఒకటి మీటితే పక్కది కూడా వేలికి తగులుతోంది. ఎర్రదానిలో సందు బాగుంది, కానీ దాని మెడ చుట్టూ బొటనవేలు తిరగలేదు. పైగా లోపల బ్యాటరీ వెయ్యాలి.

"కచేరీ మేడ మీద బ్యాటరీ అయిపోతే?"

"ఇంకోటి జోబీలో పెట్టుకోన్నా."

"ఏమిరా అది, గిటారా, వాకిలి తలుపా?" అంది బల్ల మీద కూర్చున్న గోవిందక్క. "నువ్వు కనపడవు, అదే నడిచొచ్చినట్టుండాది."

మూడోది చెక్క రంగుది. తేలిక. బ్యాటరీ లేదు. మిగతావాటికంటే మెడ ఒక అంగుళం పొడుగు. మొదటి మెట్టుకు చెయ్యి బాగా చాచాలి. ఏది చూసినా ఆయన పాట పూర్తయ్యేదాకా నిలబడే వాయించాడు. వేదిక మీద మూడు గంటలు మొయ్యాల్సింది భుజమే కదా.

ఆఖరికి మూడింటి మీదా లావు తంతిపై రెండో కట్టై స పలికించాడు. నల్లది పొగలా చెదిరింది. ఎర్రది గట్టిగా ఉరిమింది. చెక్క రంగుదాన్ని మీటితే పొడుగు మెడ వల్ల తంతి బిగువుగా నిలిచి, గోవిందక్క కూర్చున్న బల్ల చిన్నగా అదిరింది. ఆమె అరచెయ్యి బల్లకు ఆనించింది. తనకు తెలియకుండానే పల్లవి కూనిరాగం తీసింది. ఉన్నట్టుండి ఆపింది.

"ఎంతలో ఉండావు?"

"రెండులో."

ఆమె ముఖం ముడుచుకుంది. "అయిదులో పాడినదాన్ని. రెండంటే జనం నగరా?"

"నగితే నన్ను చూసి నగుతారు లే. ఈ వయసులో ఇంత గిటారు ఏసుకుంటే."

ఆమె చరణం ఎత్తుకుంది. పైస్థాయి దగ్గర గొంతు కొంచెం గీరుకుంది. ఆయన స పట్టుకునే ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకుని కాసేపు విన్నది.

"ఒకటిన్నరకు పో."

ఆయన వేలు ఒక మెట్టు వెనక్కి జరిగింది.

"ఇంకా కింద ఉండాదా?"

"ఉండాదక్కా. నీకు కావాల్సినంత ఉండాది."

గోవిందక్క కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"మురళీ, ఆ ఫ్యాను ఆపప్పా. పల్లవి నుంచి పాడాల."