ఆ మూడు బాల్కనీల ఇనుము

నా మాట ఎవరూ వినిపించుకోరు. తెనాలిలో ఒక ఇంజనీరు గారి ఆఫీసులో పదకొండేళ్లు ఇళ్ల డ్రాయింగులు గీశాను. అన్నేళ్లలో నేను చెప్పేది సగంలో ఆపకుండా విన్నవాళ్లు లేరు. మీరైనా చివరిదాకా వినండి. ఆరేళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. బస్సులో వెళ్తూ ఏ మేడకి బాల్కనీ కనిపించినా దాని కింద ఎవరైనా నిలబడ్డారేమోనని చూస్తాను.

బాల్కనీకి ఒక్కవైపే ఆధారం. బరువుకి ముందుకు వంగబోతుంది కాబట్టి ముఖ్యమైన ఇనుప ఊచలు శ్లాబు పైభాగంలో ఉండాలి. కింద వేస్తే ఉన్నా లేనట్టే. వాటిని ప్రతిసారీ గీసే పని తప్పుతుందని నేనే కంప్యూటర్లో ఒక చిన్న స్క్రిప్టు, అంటే దానంతటదే గీసే ప్రోగ్రాం, రాశాను. బటన్ నొక్కితే బాల్కనీ డ్రాయింగు మొత్తం వచ్చేది. ఇంజనీరు గారు ఆ బటన్‌కి తన పేరు పెట్టించారు. నా చేతే పెట్టించారు. అది నేను మరిచిపోలేదు.

డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇలాంటి స్క్రిప్టులు ఎక్కడో ఒకచోట మొరాయిస్తాయి. సరిచేశాక పాత డ్రాయింగుల పక్కన పెట్టి గీత గీతా పోల్చుకోవాలి. ఆరేళ్ల కిందట కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అందుకు రెండు రోజుల గడువు అడిగాను. రేపల్లెలో ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఏంటయ్యా, బటన్ నొక్కడానికి రెండు రోజులా?" అన్నారు ఇంజనీరు గారు. "బొమ్మలు గీసేవాడివి బొమ్మలు గియ్యి. ఇంజనీరింగు మేం చూసుకుంటాంలే."

"పోనీలెండి సార్, బటన్‌కి జ్వరం వచ్చిందేమో" అని పెద్దమనిషి నవ్వాడు.

గంటలో స్క్రిప్టు నడిచేలా చేసి ఇచ్చేశాను. పోల్చలేదు. ఆ వారంలో రేపల్లె, బాపట్ల, కర్లపాలెం ఇళ్ల డ్రాయింగులు ఆయన సంతకంతో వెళ్లిపోయాయి.

నాలుగో ఇల్లు గీస్తుంటే కనిపించింది. పాత వెర్షన్ శ్లాబు గీతల్లో పై గీతను మొదట ఇచ్చేది. కొత్తది కింది గీతను మొదట ఇస్తోంది. నా స్క్రిప్టు మాత్రం మొదట వచ్చిందే పై గీత అనుకుంటోంది. పంపేసిన మూడు డ్రాయింగుల్లోనూ ఊచలన్నీ కిందికి దిగిపోయాయి.

మూడు ఫోన్లు చేస్తే సరిపోయేది. అప్పటికి ఏ ఇంటికీ శ్లాబు పొయ్యలేదు. నేను స్క్రిప్టు సరిచేసి నోరు మూసుకున్నాను. ఎందుకు? ఇంజనీరింగు వాళ్లు చూసుకుంటామన్నారుగా, చూసుకోనీ అనుకున్నాను. తప్పు బయటపడాలి, ఆయన నా కుర్చీ దగ్గరికి నడిచివచ్చి అడగాలి, అప్పుడు చెప్పాలి అనుకున్నాను. రోజూ ఎదురుచూశాను. రాలేదు. మూడిళ్లకీ శ్లాబులు పోసేశారు. ఇక చెబితే నేరం నాదవుతుందని భయపడ్డాను. కోపం ఎక్కడ ఆగిందో భయం ఎక్కడ మొదలైందో ఇప్పటికీ తేల్చుకోలేను.

అనుభవమున్న మేస్త్రీ కాగితం మీద ఎలా ఉన్నా ఊచలు పైకే కడతాడు. ఇన్నాళ్లూ ఆ మాటతోనే సర్దిచెప్పుకున్నాను. కానీ కాగితంలో ఉన్నట్టే కట్టమని పక్కన నిలబడి పట్టుబట్టే యజమానులూ ఉంటారు. ముగ్గురిలో ఒక్కరైనా అలాంటివారైతే?

కిందటి నెల రేపల్లె వెళ్లాను. బాల్కనీ చివర నిండు నీళ్ల డ్రమ్ము ఉంది. పగులు వస్తే పైన, గోడ మొదట్లో వస్తుంది. అక్కడ టైల్స్ వేసే ఉంటారు. రోడ్డు మీద నిలబడితే ఏం తెలుస్తుంది? ఒకావిడ పిట్టగోడ మీదికి వంగి, "ఎవరు కావాలి అన్నయ్యా?" అంది. వెనక్కి జరగమ్మా అనబోయాను. కానీ "ఎవరూ కాదండి, ఇల్లు పొరబడ్డాను" అని వచ్చేశాను.

ఇది రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ మారలేదు. క్షమించమని ఎవర్నీ అడగను. దీని నకళ్లు ఆ మూడు ఇళ్లకీ, ఇంజనీరు గారికీ ఈరోజే పంపుతున్నాను. పరీక్ష చేయించేదాకా బాల్కనీలోకి ఎవరూ వెళ్లకండి. నా పేరు రాయలేదు. ఇంకా భయమే.

ఇంజనీరు గారూ, సంతకం మీది. చూసుకుంటామన్నది మీరు. శ్లాబు పోసిన రోజున ఆ మూడు చోట్లకీ వెళ్లారా, లేదా? వెళ్తే మీ కళ్లతో ఏం చూశారు? ఆ ఇళ్లవాళ్లకి చెప్పండి. నేనెవరో మీకు తెలుసు, నాకూ చెప్పండి. ఈసారి జవాబు చెప్పి తీరాలి.